నలభై సెకన్ల పని

2023 ఏప్రిల్. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు ఎదురుగా ఉన్న సందులో, రెండో అంతస్తులో మా షాపు. ఆఫీసులు వదిలించుకునే పాత కంప్యూటర్లు కొని, దుమ్ము దులిపి, బాగుచేసి అమ్మటం మా పని. యజమాని జలీల్ భాయ్ హార్డ్‌వేర్ చూస్తారు. సాఫ్ట్‌వేర్ నాది. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ అయ్యాక వేరే ఉద్యోగం దొరికేదాకా అని చేరాను. ఏడేళ్లయింది.

పదేళ్ల నాటి మెషీన్‌లో కొత్త విండోస్ ఎక్కదు. ఎక్కినా కదలదు. అందుకే వాటిలో లినక్స్ వేస్తాం. లినక్స్ అంటే ఒకటే వస్తువు కాదు. దాన్ని రకరకాల బృందాలు రకరకాలుగా కట్టి మూటలుగా ఇస్తాయి. ఆ మూటలను డిస్ట్రోలు అంటాం. నా డ్రాయర్‌లో మూడు పెన్‌డ్రైవ్‌లు ఉంటాయి. నీలం పెన్‌డ్రైవ్‌లోది మామూలు మెషీన్లకు, ఎర్రదానిలోది నీరసపు మెషీన్లకు, నల్లదానిలోది ఆ రెండూ ఎక్కనప్పుడు. ఈ పనిలో సంతోషం ఏమిటంటే, పాత ఇనుము కొట్టుకు పోవాల్సిన డబ్బా ఇరవై సెకన్లలో లేచి కూర్చుంటుంది. చికాకు ఏమిటంటే, లేచి కూర్చున్నాక ఏదో ఒక అవయవం పనిచేయదు. ఒకదానికి వైఫై దొరకదు. ఒకటి ప్రింటర్‌ను గుర్తుపట్టదు. ఇంకొకదాన్ని నిద్రపుచ్చితే మళ్లీ మేలుకోదు. అందుకే నేను ప్రతి మెషీన్‌కూ ఒక కాగితం పెడతాను: ఏది పనిచేస్తోంది, ఏది లేదు, ఎలా సరిచేశాను. ఇప్పుడు చెప్పేది అలాంటి ఒక కాగితం గురించి, అందులో నేను రాయని ఒక వరుస గురించి.

ఆ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఒకావిడ మా మెట్లెక్కి వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. పక్కింటి మనిషి మోచెయ్యి పట్టుకుని, ప్రతి మెట్టునూ పాదంతో తడిమి చూసుకుంటూ వచ్చింది. పేరు సుగుణమ్మ. సొంత ఊరు మెదక్ దగ్గర, ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో. పక్కింటి మనిషి ఖాజా భాయ్, రైల్వే గేటు దగ్గర టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. నేను వేసిన కుర్చీని చేత్తో వెతికి కూర్చుని, సంగతి నాలుగు మాటల్లో చెప్పింది.

"మా ఆయనకు మాట బందైంది. నాకు షుగర్‌తోని చూపు పోయింది. ఆయన రాస్తే నేను చదవలేను, నేను అడిగితే ఆయన చెప్పలేడు. కంప్యూటర్ మాట్లాడ్తదంట గదా బిడ్డా?"

మాట్లాడుతుందని చెప్పాను.

ఆయన పేరు దేవదానం. గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పార్సిల్ బుకింగ్ క్లర్కుగా చాలా ఏళ్లు చేశారు. మూడేళ్ల కిందట మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చింది. అది కండరాలను ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. బుద్ధిని మాత్రం ముట్టుకోదు. నేను మొదటిసారి వెళ్లేసరికి ఆయనలో ఇష్టప్రకారం కదిలేవి రెండే. కళ్లు, కుడిచేతి చూపుడువేలు. పిల్లలు లేరు. భార్య అరచేతిలో ఆ వేలితో ఒకసారి తడితే ఔనని, రెండుసార్లు తడితే వద్దని. ఆవిడ అడగాలి, ఆయన తట్టాలి. ఆవిడకు తట్టని ప్రశ్నకు ఆయన దగ్గర జవాబున్నా ప్రయోజనం లేదు.

నీలం పెన్‌డ్రైవ్ డిస్ట్రో వేసి, తెలుగు చదివే గొంతు ప్రోగ్రామ్ ఒకటి పెట్టాను. స్క్రీన్ మీద మాటల పలక. గడులుగా మాటలుంటాయి, ఒక పసుపు వెలుగు ఒక్కో గడి మీద ఒకటిన్నర సెకను ఆగి ముందుకు పోతుంది. కావలసిన గడి మీదకు వచ్చినప్పుడు ఆయన వేలికింద ఉన్న మౌస్ మీట నొక్కితే, స్పీకర్లో ఆ మాట పలుకుతుంది. జాబితాలో లేని మాటైతే అక్షరాల పలకకు వెళ్లి ఒక్కో అక్షరం ఏరుకోవాలి.

దానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు వైఫై దొరకలేదు. రెండో రోజు తెలుగు ఒత్తులు విడిపోయి గడుల్లో చెల్లాచెదురుగా కనిపించాయి. మూడో రోజు శబ్దం రాలేదు. ఈ మూడోదాన్ని కాస్త వివరించాలి. మానిటర్‌కు వెళ్లే ఇప్పటి కేబుళ్లు బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తాయి. దేవదానం గారి మానిటర్లో స్పీకర్లు లేవు. కానీ లినక్స్‌కు అది తెలియదు, శబ్దాన్ని మానిటర్‌కే పంపుతూ కూర్చుంది. సెట్టింగుల్లోకి వెళ్లి, శబ్దం పోవాల్సింది స్పీకర్ వైరు గుచ్చిన వెనక జాక్‌కు అని మార్చాను. నలభై సెకన్ల పని. ఆ మార్పును ఒక ఫైల్లో శాశ్వతంగా రాసిపెట్టాలి, లేకపోతే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పోవచ్చు. అది నాకు తెలుసు. తర్వాత రాద్దామనుకున్నాను. కాగితం మీద కూడా ఎక్కించలేదు.

ఆ రోజు ఆ మెషీన్ పలికిన మొదటి మాట "సుగుణా". వంటగదిలోంచి ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. తర్వాత నవ్వింది.

"గీ గొంతు మా ఆయనది కాదు. ఎవడో జలుబు జేసిన దొంగోని లెక్కున్నడు."

గొంతు కాస్త దించి, వేగం తగ్గించాను. దొంగ కాస్తా కండక్టరయ్యాడని అంది. ఆయన కళ్లు నవ్వాయి.

మాటల జాబితా ఆయనే తయారుచేశారు. అక్షరం అక్షరంగా, రెండు వారాల పాటు. పార్సిల్ క్లర్కు కదా, ప్రతిదానికీ నంబరు కావాలన్నారు. ఒకటో నంబరు సుగుణా. రెండు, నీళ్లు. మూడు, పక్కకు తిప్పు. తొమ్మిది, ఊపిరి ఆడట్లేదు. పది, దవాఖానకు పోదాం. ఇరవై ఆరు, కూరలో ఉప్పు లేదు. నోటితో తినటం దాదాపు మానేసిన మనిషికి ఈ ఇరవై ఆరో నంబరు ఎందుకని అడిగాను. "అలవాటు" అని ఏరారు. ముప్పై ఒకటో నంబరు "తప్పు నాదే". అది ఎక్కించిన రోజు సుగుణమ్మ ఖాజా భాయ్‌ని పిలిచి మరీ వినిపించింది. పెళ్లయి ఇన్నేండ్లకు గీ ముక్క వింటున్న, అది గూడ మిషన్ నోట అంది. నేను ఏడేళ్లలో ఎన్నో మెషీన్లు అమ్మాను. ఆ ఇంటికి వెళ్లొచ్చిన రోజుల్లో మాత్రం జలీల్ భాయ్ అడగకుండానే ఏం జరిగిందో చెప్పేవాణ్ణి.

ఇంకో రెండు పనులు చేశాను. మెషీన్ తెరవగానే మాటల పలక ఒక్కటే నిండుగా కనిపించేలా పెట్టి, మిగతా మెనూలు, అడుగున ఉండే పట్టీ, శబ్దం గుర్తు అన్నీ దాచేశాను. ఆయన వేలు పొరపాటున ఏదైనా మూసేస్తుందేమోనని. పలకలో నొక్కిన ప్రతి మాటా టైముతో సహా ఒక ఫైల్లో నమోదయ్యేలా కూడా చేశాను. దాన్ని లాగ్ అంటాం. ఏ మాట ఎక్కువ వాడుతున్నారో చూసి, దాన్ని పలకలో ముందుకు జరపొచ్చని. రెండూ అప్పుడు మంచి ఆలోచనలే అనిపించాయి.

అలా పదమూడు నెలలు నడిచింది.

2024 మే, శనివారం. షాపులో నా టేబుల్ దగ్గర ఒక స్క్రీన్ ఉంటుంది. నేను దూరం నుంచి చూసుకునే కస్టమర్ల మెషీన్లు అందులో వరసగా కనిపిస్తాయి. ఏడు మెషీన్లు. ఆరింటి పక్కన ఆకుపచ్చ సున్నా, దేవదానం గారి మెషీన్ పక్కన ఎర్రగా 214. అంటే ఇంకా 214 అప్‌డేట్లు ఎక్కించాల్సి ఉందని. మెషీన్ బాగా నడుస్తోంది. ఆయన అడగలేదు, ఆవిడ అడగలేదు. కానీ లినక్స్ పట్టుకుని తిరిగేవాళ్లకు ఒక జబ్బుంది. నడుస్తున్నదాన్ని నడవనివ్వలేరు. వరసలో ఆ ఒక్క ఎరుపు నాకు పంటికింద రాయిలా ఉంది.

జలీల్ భాయ్ నా వెనక నిలబడి చూశారు. "ఏం చేస్తున్నవ్?" అన్నారు. చెప్పాను. "నడిచే బండికి పానా పెట్టకు బాబూ," అన్నారు. సెక్యూరిటీ అప్‌డేట్లు వాయిదా వేయకూడదని ఆయనకు వివరించాను. ఆయన వాదించలేదు, కస్టమర్ దగ్గరికి పోయారు.

షాపులో కూర్చునే టెర్మినల్‌లో పని మొదలుపెట్టాను. టెర్మినల్ అంటే అక్షరాలతో ఆజ్ఞలిచ్చే నల్లటి కిటికీ. పేజీ పేజీ అక్షరాలు పరుగెత్తాయి. శబ్దాన్ని నడిపే భాగం మొత్తం కొత్తదానితో మారింది. మెషీన్ ఆగి మళ్లీ లేచింది. పలక ప్రోగ్రామ్ నడుస్తోందా? నడుస్తోంది. గొంతు ప్రోగ్రామ్? నడుస్తోంది. తప్పులేమైనా చూపుతోందా? లేదు. 214 పోయి ఆకుపచ్చ సున్నా వచ్చింది. అప్పుడు టైము నాలుగూ నలభై.

అన్నీ పరీక్షించాను, ఒక్కటి తప్ప. టెర్మినల్‌కు చెవులుండవు. ఒక ఫోన్ చేసి, "అమ్మా, అంకుల్‌ని ఒక మాట నొక్కమనండి" అని ఉంటే సరిపోయేది. చేయలేదు. వరస మొత్తం ఆకుపచ్చగా ఉంది కదా అని స్క్రీన్ ఆర్పేసి ఇంటికి పోయాను.

ఆదివారం మా షాపుకు సెలవు. అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను చాలా ఆదివారాలు అక్కడే ఉంటాను. పదిన్నర దాటాక, ఒక పాత సర్క్యూట్ల పుస్తకం తిరగేస్తుంటే ఫోన్ మోగింది. సుగుణమ్మ. అప్పటికి రెండుసార్లు మోగితే చూసి వదిలేశాను. ఆదివారం ఎత్తితే ప్రతి ఆదివారం ఎత్తాలని మా పనిలో ఒక నియమం. మూడోసారి ఎత్తాను.

"మిషన్ మాట్లాడ్తలేదు బిడ్డా. ఆయన నొక్కుతున్నడు, టక్కుమంటున్నది, మాట వస్తలేదు. ఖాజా భాయ్ వచ్చి చూసిండు, బత్తి తిరుగుతున్నదంటున్నడు."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, అందులోంచే మెషీన్ పరిస్థితి చూశాను. అన్నీ ఆకుపచ్చ.

"ఇక్కడ అంతా నడుస్తున్నట్టే ఉందమ్మా. స్పీకర్ స్విచ్ ఒకసారి చూడండి."

ఆవిడ వెళ్లి తడిమి వచ్చింది. స్విచ్ వేసే ఉందట, స్పీకర్ వెచ్చగా ఉందట.

"అయితే వైరు వదులై ఉంటుంది. రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను."

"గీ రోజు వీలు కాదా? జర చూడు బిడ్డా."

అబిడ్స్ నుంచి వాళ్ల ఇంటికి నడిస్తే పదిహేను నిమిషాలు. ఎండ మండుతోంది. రేపు తొమ్మిదిన్నరకల్లా అక్కడుంటానన్నాను. ఆవిడ సరేనంది. నేను పుస్తకం కొనుక్కుని, హోటల్లో చాయ్ తాగి, ఇంటికి పోయి పడుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకు సంచీతో వాళ్ల సందులోకి తిరిగాను. వీధిలో కుర్చీలు వేసి ఉన్నాయి. తెల్లబట్టల్లో చర్చి వాళ్లు ఓ పదిమంది ఉన్నారు. ఖాజా భాయ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎదురొచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అంకుల్ నిన్న సాయంత్రం పోయిన్రు. అంబులెన్స్ వచ్చింది గానీ, దవాఖాన దాకా గూడ ఆగలే."

ముందు గదిలో ప్రార్థన జరుగుతోంది. పక్క తలుపులోంచి వెనక గదిలోకి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. దాని ఎదురుగా మెషీన్ ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరూ ఆపలేదు. పసుపు వెలుగు సుగుణా మీద ఒకటిన్నర సెకను ఆగి, నీళ్లు మీదకు జరిగింది. తర్వాత పక్కకు తిప్పు. చివరి గడి దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది.

నా చేతులకు తెలిసిన పని ఒకటే. దాచిన సెట్టింగులను తెరిచాను. శబ్దం పోయే దారి: మానిటర్. దాన్ని జాక్‌కు మార్చాను. నలభై సెకన్లు. పలుకుతోందో లేదో పరీక్షించలేదు. అవతలి గదిలో అంతమంది ఉండగా ఆ గొంతు వినిపించే ధైర్యం నాకు లేదు. మెషీన్ ఆపేసి బయటికి వచ్చాను.

పదకొండు రోజుల తర్వాత సుగుణమ్మ ఫోన్ చేసింది. ఈసారి మొదటి మోతకే ఎత్తాను.

"ఆయన నొక్కినయన్నీ అందుల రాసుకుంటదని ఒకనాడు చెప్పినవ్. గా రెండు రోజులు ఏం నొక్కిండో ఉన్నదా?"

చూసి చెబుతానన్నాను. షాపు నుంచి ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి మెషీన్ వేయించి, లాగ్ ఫైలు తెచ్చుకున్నాను. ఒకసారి చదివాను. తర్వాత ఒక కాగితం మీద మూడు వరుసలు రాశాను. ఒకటి, అప్‌డేట్‌లో లాగ్ చెరిగిపోయిందని చెప్పటం. రెండు, శనివారానిది మాత్రం చెప్పటం. మూడు, మొత్తం చెప్పటం. మొదటిదానికి ఒక్క ఆజ్ఞ చాలు, ఫైలు ఉండదు, అబద్ధం నిజమైపోతుంది. జలీల్ భాయ్ ఆ కాగితం చూశారు. అప్పటికి ఆయనకు అంతా తెలుసు. చెప్పానుగా అన్న మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

"ఆమె చెవుల మీద బతికే మనిషి," అన్నారు. "చెవికి అబద్ధం పెట్టకు."

వెళ్లాను. సుగుణమ్మ ఖాళీ మంచం మీద కూర్చుని ఉంది. కాగితం తీసి చదవబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చదవకు. దానితోనే చెప్పియ్యి. వరసగా."

దానికి చిన్న ప్రోగ్రామ్ రాయాలి. ఆ మంచం పక్కన కింద కూర్చుని రాశాను. ఒక్కో మాటకు ముందు టైము, మాట తర్వాత రెండు సెకన్ల విరామం. మెషీన్ మొదలుపెట్టింది.

శనివారం, అయిదూ అయిదు, సుగుణా. అయిదూ ఆరు, సుగుణా. ఆరూ పది, తప్పు నాదే. ఆరూ పన్నెండు, తప్పు నాదే.

ఆవిడ చెయ్యెత్తింది. ఆపాను.

"శనివారం పగటీలి మేం కొట్లాడుకున్నం," అంది. "మామిడికాయ తొక్కు నాలికకు రాయమన్నడు. గొంతుల పడ్తదని రాయలే. ఇరవై ఆరు నంబర్ నొక్కి నొక్కి సతాయించిండు. నేనొక మాట అన్న. సాయంత్రం సంది సప్పుడు లేదు. నా మీద కోపంతోని మాట్లాడ్తలేడనుకున్న. నేను గూడ మాట్లాడలే. పొద్దున దాక."

మళ్లీ మొదలుపెట్టమంది. ఆ శనివారం సాయంత్రం నుంచి పడుకునేదాకా ముప్పై ఒకటో నంబరు పదకొండు సార్లు ఉంది. మధ్యలో నీళ్లు, నీళ్లు, పక్కకు తిప్పు.

ఆదివారం, ఎనిమిదీ పావు, సుగుణా. తొమ్మిదీ ఇరవైకి అక్షరాలు. ఒక్కో అక్షరం మధ్య ఆగుతూ మెషీన్ చదివింది: "శబ్దం లేదు". ఆ రెండు మాటలు ఏరటానికి ఆయనకు ఆరు నిమిషాలు పట్టినట్టు టైము చెబుతోంది. ఖాజా భాయ్ వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డ టైము అదే. ఖాజా భాయ్‌కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు.

పదకొండు దాటాక చాలాసేపు ఏమీ లేదు. ఒకటీ యాభైకి, ఊపిరి ఆడట్లేదు. ఒకటీ యాభై ఒకటి, ఊపిరి ఆడట్లేదు. ఒకటీ యాభై రెండు, దవాఖానకు పోదాం. అలా రెండూ పది దాకా. అక్కణ్నుంచి రెండూ ముప్పై ఆరు దాకా లాగ్‌లో ఖాళీ. ఆ ఇరవై ఆరు నిమిషాలు ఆయన మీట నొక్కలేదు. షాపులో చదివినప్పుడు నాకది అర్థం కాలేదు. నిద్రపట్టిందేమో అనుకున్నాను.

సుగుణమ్మ మళ్లీ చెయ్యెత్తింది.

"గప్పుడు వేలు నా చేతిల పెట్టుకున్న. మిషన్ లేదు గదా, పాత తీరుగ అడుగుదామని. నీళ్లా అన్న. రెండుసార్లు తట్టిండు. తిప్పాల్నా అన్న. వద్దన్నడు. ఫ్యానా, దోమలా, కాలు గుంజుతున్నదా, తొక్కు రాయాల్నా. అన్నీ అడిగిన. అన్నిటికి వద్దన్నడు. చెమట పట్టింది, ఎండలు గదా అనుకున్న. గా ఊపిరి ముచ్చట ఒక్కటే అడగలే. ఇగ నాకు తోస్తలేదు, రేపు పొద్దుగాల మిషన్ పిలగాడు వస్తడు, గప్పుడు చెప్పు, గంతదాక సబర్ చెయ్యి అన్న. వేలు తీసి మళ్ల మీట మీద పెట్టిన."

నేను మిగతాది ఆపేద్దామా అని అడిగాను. వద్దంది.

రెండూ ముప్పై ఆరు, ఊపిరి ఆడట్లేదు. ఆ తర్వాత వరసలన్నీ ఒకేలా ఉన్నాయి. మధ్య దూరం మాత్రం పెరుగుతూ పోయింది. మొదట నిమిషానికొకటి, తర్వాత అయిదు నిమిషాలకు, తర్వాత పావుగంటకు. చివరిది సాయంత్రం అయిదూ ఇరవై. అది తొమ్మిదో నంబరు కాదు. ఒకటో నంబరు.

మెషీన్ ఆగింది. మొత్తం తొమ్మిది నిమిషాలు పలికింది.

స్టేషన్ వైపు నుంచి ఏదో రైలు కూత వినిపించింది. చేసింది ఆవిడకు చెప్పాలి. శనివారం అప్‌డేట్ గురించి చెప్పాను. శబ్దం పోయే దారి గురించి, రాసిపెట్టని ఫైలు గురించి, ఆదివారం నేనెక్కడ నిలబడి ఫోన్ ఎత్తానో ఆ జాగా గురించి, అక్కణ్నుంచి ఈ ఇంటికి ఎన్ని నిమిషాలో కూడా. చివర "తప్పు నాదే అమ్మా" అన్నాను.

"గా ముక్క ఇప్పుడే పదకొండు సార్లు విన్న," అంది. "నువ్వు గూడ అన్నవ్. సరే."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. బషీర్‌బాగ్‌లో మా కస్టమర్ ఒక డాక్టరున్నాడు. పేర్లు చెప్పకుండా ఆయన్ని అడిగాను. మూడు గంటలు ముందు తెచ్చి ఉంటే గాలి మెషీన్ పెట్టేవాళ్లమన్నాడు. దాంతో కొన్ని నెలలు రావచ్చు, అదే రాత్రి పోవచ్చు, చెప్పలేమన్నాడు. ఈ చెప్పలేమన్నదాన్ని ఏ గడిలో వేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను లేచి సంచీ సర్దుకుంటుంటే సుగుణమ్మ మెషీన్ తీసుకుపొమ్మంది. వద్దు, మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను.

"నాకెందుకు? నేను మాట్లాడ్తనే ఉన్న గదా. గిట్లాంటోళ్లు ఇంకెవరన్న వస్తరు, వాళ్లకియ్యి." గుమ్మం దాకా గోడ పట్టుకుంటూ వచ్చింది. "అయితే మొదలు గంట పెట్టు బిడ్డా. కరెంటు గంట. నొక్కితే మోగాలె, గంతే. తర్వాత నీ మిషన్."

ఇంజనీరింగ్‌లో దీని మీద ఒక పాఠమే ఉంది. ప్రధాన వ్యవస్థ పడిపోయినప్పుడు దాని మీద ఏ రకంగానూ ఆధారపడని రెండో దారి ఒకటి ఉండాలని చదువుకున్నాం. పరీక్షలో దాని మీద నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ఇంట్లో మాత్రం అది నాకు తట్టలేదు. ఊపిరాడని మనిషి చేతికింద ఒక బ్యాటరీ, రెండు వైర్లు, ఒక గంట ఉంటే చాలేది.

ఇప్పుడు నా కాగితంలో కొత్త వరుసలున్నాయి. అడగని అప్‌డేట్ చేయను. చేయాల్సి వస్తే ఆ ఇంటికి పోయి, మెషీన్ ముందు కూర్చునే చేస్తాను. మార్చిన ప్రతి సెట్టింగూ అదే రోజు ఫైల్లో రాస్తాను. శబ్దం గుర్తు దాచను. మా స్క్రీన్ మీద ఇప్పుడు ఎర్ర అంకెలు చాలా ఉంటాయి. వాటిని అలాగే ఉండనిస్తాను. ఆదివారం ఫోన్ ఎత్తుతాను. ఎక్కువసార్లు అవతలివాళ్ల మౌస్ కదలటం లేదనే ఉంటుంది. వాళ్లతో మౌస్ గురించే మాట్లాడతాను.

పోయిన నెల గౌలిగూడలో ఒకరింటికి వెళ్లాను. ఆయన దర్జీ, అదే జబ్బు, ఇంకా ఎడమచెయ్యి ఆడుతోంది. దేవదానం గారి మెషీన్‌నే తుడిచి, కొత్తగా డిస్ట్రో వేసి తీసుకెళ్లాను. ముందుగా సంచీలోంచి గంట తీసి, వైరు లాగి, వంటగది గోడకు మేకు కొడుతుంటే ఆయన భార్య నవ్వింది. కంప్యూటర్ తెస్తానని కాలింగ్ బెల్ తెచ్చావేందయ్యా అంది. ముందు ఇదేనమ్మా అన్నాను. ఆవిడను వంటగదిలోకి పంపి, స్టవ్ వెలిగించి, కుళాయి తిప్పి, మిక్సీ కూడా వేయమన్నాను. దర్జీ గారి చెయ్యి మీట మీద పెట్టి నొక్కమన్నాను. ఆయన నొక్కారు.

"వినపడిందామ్మా?" అని కేకేశాను.

లోపలి నుంచి జవాబు వచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.